గీత దాటిన రంగు

మన ఇంటి తప్పు ముక్కూ మొహం తెలియని మనిషి వీపు మీద ఊరేగుతుంటే ఎలా ఉంటుంది? గీతక్కకి ఆ రోజు బస్సులో అది తెలిసొచ్చింది.

ముందు సీట్లో ఒకామె కూర్చుని ఉంది. తెల్ల గౌను, గౌను నిండా నల్లగీతల ఆకులు, ఆకుల్లో పసుపు రంగు. కిటికీలోంచి ఊరికే బయటికి చూద్దామనుకున్న గీతక్క చూపు ఆ వీపు మీద పడింది, ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ ఆకులు తమ ఇంటివి. వంకర తొడిమ ఆకు దగ్గర పసుపు రంగు గీత లోపల ఆగకుండా పైకి గోరంత పొంగి ఉంది. కింద ఆ మేరకి తెల్లగా ఖాళీ మిగిలింది. మూరెడు కింద మళ్ళీ అదే ఆకు, అదే పొంగు. భుజం దగ్గర ఇంకోసారి. చేతి తప్పు ఒకసారి జరుగుతుంది, మరీ పరాకు మనిషయితే రెండుసార్లు. కొలిచి పెట్టినట్టు అదే చోట మాటిమాటికీ జరగదు.

గీతక్క అసలు పేరు గీత కాదు. బట్ట మీద అచ్చులు అద్దే పనిలో ముందు నల్లగీత పడాలి, తర్వాత దాని లోపల రంగు పడాలి. ఆ ఇంట్లో అక్క గీత వేసేది, చెల్లెలు రంగు వేసేది. దాంతో ఊరు అక్కకి గీతక్క అని పేరు పెట్టేసింది. చెల్లెలికి విడిగా పేరు పెట్టే శ్రమ ఎవరూ తీసుకోలేదు. గీతక్క చెల్లెలు అంటే సరిపోయింది.

ఉండబట్టలేక గీతక్క వేలితో ఆ ఆకుని తాకింది. గౌను ఆమె వెనక్కి తిరిగింది.

"ఏంటండీ?"

"ఏం లేదమ్మా. గుడ్డ బాగుంది, ఎక్కడ కొన్నావా అని."

ఆమె మొహం విప్పారింది. కొన్న వస్తువు ఎక్కడ కొన్నావని అడిగితే మురిసిపోని మనిషి ఉండరు కదా. "చేతి అద్దకమండీ ఇది. ఇక్కడ చూడండి, రంగు కాస్త పక్కకి పోయింది కదా, అదే గుర్తంట. మిషను పనైతే తప్పు రాదు."

"రాదు" అంది గీతక్క.

తను దిగాల్సిన చోటు దాటిపోయిందని ఆమెకి చాలాసేపటి వరకు తెలియలేదు.

వాళ్ళ అద్దకం షెడ్డులో బల్ల నడుమెత్తున, గదికి ఈ చివర నుంచి ఆ చివర వరకు ఉంటుంది. పైన పాత దుప్పట్లు మడతలు మడతలుగా పరిచి, వాటి మీద ముతక గుడ్డ బిగించి ఉంటుంది. ఇద్దరి కోసం చేయించిన బల్ల. ఇటువైపు అక్క, అటువైపు చెల్లెలు. అక్క గీత అచ్చుని నల్లరంగు తట్టలో అద్ది, బట్ట మీద ఆనించి, గుప్పిటతో ఒక్క దెబ్బ వేసేది. ఆమె చెయ్యి తీసీ తీయగానే చెల్లెలి ఎడమచేతిలోని రంగు అచ్చు అక్కడ పడేది. ఒక దెబ్బ, వెనకే ఇంకో దెబ్బ. ఆ చప్పుడు వినపడితే పక్కింటివాళ్ళు తెల్లారిందనుకుని లేచేవాళ్ళు.

చెల్లెలు ఇల్లు విడిచిపోయింది, ఇప్పుడు దెబ్బలన్నీ ఒకటే చేతివి. గీతక్క ఇటునుంచి వరసంతా గీత వేసి, అచ్చు కింద పెట్టి, బల్ల చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళి రంగు మొదలుపెడుతుంది. ఇటునుంచే వేసుకోవచ్చు, కాదనేవాళ్ళు లేరు. అసలు ఏదన్నా అనేవాళ్ళే లేరు. కానీ రంగు అటునుంచి పడటమే ఆమెకి తెలుసు. అటు గోడ మీద చెల్లెలు చేతులు తుడుచుకున్న పసుపు మరకలు ఇంకా ఉన్నాయి. కిందటిసారి గోడలకి సున్నం వేస్తూ గీతక్క ఆ మరకల దాకా వచ్చి ఆగిపోయింది. సున్నం అయిపోయిందని తనకు తాను చెప్పుకుంది.

బస్సులో ఆ గౌను చూసిన మర్నాడు పనిలోకి దిగిందే గాని చెయ్యి నిలవలేదు. నాలుగు ఆకులు వేసేసరికి కుడి భుజం లాగింది. నొక్కుకుని మళ్ళీ వేసింది. వరస అయ్యాక ఎందుకో ఒకవారగా వంగి చూస్తే, ఆ చివర ఆకులు కాస్త కిందికి దిగినట్టు అనిపించింది. "బల్ల కుంగింది" అంది పైకే. ఒంటరి మనుషులు పైకి మాట్లాడుకుంటారు, దానికేం. ఆ మూల నేల మెత్తన, బల్లకాలు దిగి ఉంటుంది. ఆమె ఒక చెక్కపేడు వెతికి, మోకాళ్ళ మీద కూర్చుని, రోకలి లాంటి చేత్తో దాన్ని బల్లకాలి కిందికి కొట్టింది. అప్పుడు కాస్త మనసు కుదుటపడింది.

మధ్యాహ్నం ఆరిన గుడ్డ తాను మడిచి బట్టల కొట్టుకి బయల్దేరింది. తాను ఇవ్వడం ఒక వంక. అసలు సంగతి ఆ గౌను గుడ్డ.

కొట్టాయన మాటకారి. బేరానికొచ్చినవాళ్ళు బేరం మర్చిపోయి ఆయన మాటలు విని పోతారు. గీతక్కని చూడగానే బల్ల మీద కాగితాలు పక్కకి తోసి చోటు చేశాడు. ఆమె తెచ్చిన తాను విప్పి, చూసి, మళ్ళీ మడిచాడు.

"మీ గుడ్డకి వంక పెడితే నా కళ్ళు పోతాయక్కా. కానీ నా బాధ వినండి. మీరు ఒక కొత్త అచ్చు చెక్కించి, నూనెలో నానబెట్టి, బట్టకి పెట్టేసరికి అక్కడ ప్రింటు మిల్లులో పది డిజైన్లు పుట్టి పది చచ్చిపోతున్నాయి. పొద్దున కంప్యూటర్లో గీస్తారు, సాయంత్రానికి తాను నా కొట్లో ఉంటుంది. నేనేం చెయ్యను, చెప్పండి."

"ఆకుల గుడ్డ ఒకటి అమ్ముతున్నారు. పసుపుది."

ఆయన వెనక అరలోంచి ఒక తాను తీసి బల్ల మీద దొర్లించాడు. గీతక్క దాన్ని వేళ్ళతో నిమిరింది. రంగు బట్టలోకి ఇంకలేదు, పైపైనే ఉంది. వెనక్కి తిప్పితే తెల్లగా ఉంది. ఆకు మాత్రం ఆకే, తొడిమ వంకరతో సహా.

"చేతిపనిలా కనపడాలని తప్పు కూడా అచ్చేస్తున్నారు" అన్నాడు ఆయన. "జనం ముందు ఆ తప్పు ఎక్కడుందా అని వెతుక్కుంటున్నారు. మొన్న ఒకావిడ మీ గుడ్డ తిరగేసి మరగేసి, దీంట్లో తప్పులేదు, ఇది మిషనుది, నాకొద్దు అంది." ఆయన నవ్వాడు. గీతక్క నవ్వకపోయేసరికి నవ్వు ఆపేశాడు. "తప్పులేదంటే మరీ లేదని కాదు. కోపం తెచ్చుకోకండి, ఈ మధ్య మీ వరసలు కాస్త వాలుతున్నాయి."

"బల్ల కుంగింది. ఇవాళే పేడు పెట్టాను."

"ఆడలేక మద్దెల ఓడంటారు" అని, వెంటనే నాలిక కరుచుకుని, "మిమ్మల్ని అనడం లేదులెండి" అన్నాడు.

గీతక్క వేలు ఇంకా ఆ ఆకు మీదే ఉంది. "ఇది మా గుడ్డ. వీళ్ళ చేతికి ఎలా వెళ్ళింది?"

"నన్నడుగుతారేంటక్కా. మీ చెల్లెలు వెళ్ళిపోయిన రోజు నేను మీ షెడ్డులోనే ఉన్నాను కదా. ఈ ఆకే చూపించి మీరు ఆమెని ఎడాపెడా కడిగేశారు. రంగు గీత దాటుతుంటే చూస్తూ కూర్చున్నావా, ఎడమచేతిదానికి కళ్ళు కూడా లేవా అన్నారు. గోరంతని కొండంత చేశారు. ఆమె పల్లెత్తు మాట అనకుండా ఆ గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని పోయింది." ఆయన తాను చుట్టడం మొదలుపెట్టాడు. "ఇప్పుడు ఆ మిల్లులోనే చేస్తోంది. మీకు తెలుసనుకున్నాను."

తెలియదు. చెల్లెలు ఎక్కడుందో, ఏం తింటోందో, ఎవరి ఇంట్లో ఉంటోందో తెలుసుకోకూడదని గీతక్క పంతం పట్టి కూర్చుంది. వస్తే అదే వస్తుంది, వచ్చి తప్పయిందంటే అప్పుడు చూద్దామనుకుంది. అది రాలేదు సరిగదా, ఇంటి ఆకుని ఎత్తుకెళ్ళి మిషను నోట్లో పెట్టింది. పైగా మంచి ఆకులన్నీ వదిలేసి తన తప్పుతో సహా పెట్టింది. దారిపొడుగునా గీతక్క మనసులో లెక్కలు కట్టుకుంటూ నడిచింది. రేపు మిల్లుకి వెళ్ళాలి. ఆకు తమదని అందరి ముందూ రుజువు చెయ్యాలి. అచ్చు వెయ్యడం ఆపించాలి. ఆ తర్వాత చెల్లెలి మొహం మీద, నాకు చెల్లెలే లేదు పో అని చెప్పి వచ్చెయ్యాలి. తాడో పేడో తేలిపోతే ఈ ఎదురుచూపన్నా తప్పుతుంది. తను ఇన్నాళ్ళూ ఎదురుచూస్తోందని ఆమె ఒప్పుకోవడం అదే మొదలు.

మిల్లు అంటే పొగ గొట్టాలూ రణగొణలూ ఉంటాయనుకుంది. అలాంటివేం లేవు. తెల్లటి హాలు, నున్నటి నేల. మధ్యలో మంచమంత మిషను ఒకటి, దాని కింది నుంచి బట్ట మెల్లగా బయటికి వస్తోంది. ఒక పెట్టె బట్ట మీద అటూ ఇటూ ఉరుకుతుంటే దాని వెనకే ఆకులు పడుతున్నాయి, గీతా రంగూ ఒకేసారి. దెబ్బ చప్పుడు లేదు. ముందు గీత, వెనక రంగు అనే మాటే అక్కడ లేదు. గీతక్క కాసేపు అన్నీ మర్చిపోయి చూసింది. అంత తేలిగ్గా పడుతుంటే చూడటానికి బాగానే ఉంది, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

వాచ్‌మన్ ఆమెని పక్కనున్న అద్దాల గదిలోకి పంపించాడు. అక్కడ కంప్యూటరు ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. డిజైన్లు చేసేది ఆ అమ్మాయే. గీతక్క కుర్చీలో కూర్చోకుండానే సంచిలోంచి పాత చీరముక్కలో చుట్టిన గీత అచ్చు తీసి బల్ల మీద పెట్టింది. వాడి వాడి నల్లగా మెరిసే కొయ్య అది.

"ఈ ఆకు మాది. ఇదిగో అచ్చు. సరిచూసుకోండి."

అమ్మాయి వాదిస్తుందని సిద్ధపడి వచ్చింది. అమ్మాయి వాదించలేదు. అచ్చుని రెండు చేతులతో తీసుకుని, తిప్పి చూసి, "ఎంత బాగుందమ్మా" అంది. తర్వాత, "ఉండండి, అసలు ఫోటో తెరుస్తాను. గుడ్డ మొత్తం పరిచి తీసింది" అంటూ ఏదో నొక్కింది. తెర మీద ఆ రోజు చంకలో పెట్టుకుపోయిన గుడ్డ మొత్తం ఈ కొస నుంచి ఆ కొస దాకా కనిపించింది. అంత గుడ్డ ఒక్క చూపులో ఇమిడిపోవడం గీతక్క ఎప్పుడూ చూడలేదు. బల్ల మీద చూసేవాళ్ళకి ఎప్పుడూ ముక్కు కింది ఆకే కనిపిస్తుంది.

"మీ అచ్చు నల్లగీతది కాబట్టి రంగు తీసేస్తాను, పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది." ఒక్క నొక్కుతో పసుపంతా మాయమైంది. అమ్మాయి ఒక ఆకుని అచ్చంత సైజులో కాగితం మీద తీసి ఇచ్చింది. గీతక్క అచ్చుని దాని మీద పెట్టింది. గీత మీద గీత కూర్చుంది.

"మీదేనమ్మా. కాదనడానికేం లేదు. మా ఓనరుతో చెప్తాను."

"చెప్పు. ఆ రంగు పొంగిన చోటు మాత్రం మాది కాదు, మా చెల్లెలిది. దానిది ఎడమచేతి వాటం. దాని రంగు ఎప్పుడూ గీత దాటుతుంది."

ఎందుకన్నదో గాని అన్నది. అమ్మాయి తెర వైపు తలతిప్పి, "లేదమ్మా, రంగు దాటలేదు" అంది మామూలుగా. అద్దకం గురించి వాదించే ఉద్దేశం పాపం ఆ అమ్మాయికి లేదు. తెర మీద కనిపించేది చెబుతోంది, అంతే. ఒక సన్నటి ఎర్రగీతని తిన్నగా ఈ కొస నుంచి ఆ కొసకి లాగింది. "ఇది తిన్నని గీత అనుకోండి. మీ నల్ల ఆకులు దీని మీద మొదలయ్యాయి. చూడండి, కొంచెం కొంచెం కిందికి దిగుతూ వచ్చాయి. ఇప్పుడు పసుపు పెడతాను. పసుపు కూడా వాటి వెంటే దిగింది, ఎక్కడికక్కడ సర్దుకుంటూ. ఈ వంకర తొడిమ ఆకు దగ్గర గీత ఒక్కసారి బాగా జారింది. దాని వెంట రంగు కూడా జారితే కింది ఆకు మీదికి ఎక్కుతుంది. అందుకని రంగు ఆగిపోయింది. గీతే జారిందమ్మా." మళ్ళీ పసుపు తీసేసింది. "నేను సరిచేసేస్తానంటే ఈ గుడ్డ తెచ్చిన ఆవిడే వద్దన్నారు."

గీతక్క తెర దగ్గరికి వంగింది. రంగు లేని నల్ల ఆకులు ఒకదాని వెనక ఒకటి వాలుగా దిగుతున్నాయి. ఈ వరసలోనే కాదు, కింది వరసలోనూ, ఆ కింది దానిలోనూ. భుజం లాగిన చోటల్లా చెయ్యి దిగింది. ఆమె ఒక్కొక్క ఆకునే చూసుకుంటూ ఇన్నాళ్ళూ తన చెయ్యి తిన్నగా ఉందనుకుంది.

తలుపు తెరుచుకుంది. చెల్లెలు భుజం మీద తానుతో లోపలికి వచ్చింది. మిషను నుంచి వచ్చిన బట్టలో తప్పులు పట్టడం అక్కడ ఆమె పని. ముందు అక్కని చూసింది. తర్వాత తెర మీద ఒంటరిగా వాలిపోతున్న నల్లగీతల్ని చూసింది. తాను దించనైనా దించలేదు.

"రంగు పెట్టెయ్యమ్మా" అంది ఆ అమ్మాయితో.

పసుపు వచ్చి ఆకుల్ని నింపింది. వాలు దాదాపు కనిపించకుండా పోయింది.

ఇద్దరూ బయట కుళాయి దగ్గర అరుగు మీద కూర్చున్నారు. చెల్లెలు టీ తెచ్చి ఇచ్చింది. గీతక్క దాన్ని పట్టుకుందే గాని తాగలేదు. నాకు చెల్లెలే లేదు పో అనే మాట పొద్దుట్నుంచి నోట్లో నానుతోంది. ఇప్పుడు అది ఎటు పోయిందో.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"ఏది?"

"గీత."

చెల్లెలు కుళాయి వైపు చూసింది. "బల్ల కుంగింది కదక్కా. ఆ మూల నేల ఎప్పుడూ మెత్తనే."

గీతక్కకి ఏడుపు ముంచుకొచ్చింది. తనకోసం తను వెతుక్కున్న సాకునే చెల్లెలు కూడా దాచిపెట్టి ఉంచింది. కళ్ళనీళ్ళు కుక్కుకుని, "ఆ రోజు ఒక్క మాట చెప్పొచ్చు కదే" అంది.

"కొట్టాయన ముందా? గీతక్క గీత తప్పుతోందని తెలిస్తే ఆయన ఇంకో తాను తీసుకునేవాడా?"

"ఆయన లేనప్పుడైనా."

"లేనప్పుడు చెప్పాల్సిన పని ఏముంది. నేను సర్దుతూనే ఉన్నాను కదా."

మిల్లు గోడ అవతల ఎవరో బరువైన తోపుడుబండి తోసుకుపోతున్నారు.

"మరి ఇంటి ఆకు వీళ్ళ చేతిలో ఎందుకు పెట్టావు? నన్నడగాలనిపించలేదా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"తప్పే అక్కా. చేతిలో పనిలేదు, చూపించడానికి ఆ గుడ్డ తప్ప ఏమీ లేదు." చెల్లెలు గ్లాసు అంచుని బొటనవేలితో తుడిచింది. "ఆ అమ్మాయి ఆ ఒక్క ఆకూ సరిచేస్తానంది. సరిచేస్తే అది ఎవరి ఆకో తెలియకుండా పోతుంది. వద్దన్నాను. దారిలో ఎవరి ఒంటి మీదైనా కనిపిస్తే మన బల్ల గుర్తొస్తుంది."

గీతక్క టీ పక్కన పెట్టింది. ఆ మాట అడగడానికి ఆమెకి అచ్చు వెయ్యడం కన్నా ఎక్కువ బలం కావాల్సి వచ్చింది.

"నీకు సెలవెప్పుడు?"

"ఆదివారం."

"రా. గీత నువ్వు వెయ్యి. రంగు నేను వేస్తాను."

చెల్లెలు చప్పున తల తిప్పి చూసింది. "ఎడమచేత్తోనా?" అంది. నవ్విందో, దెప్పిందో గీతక్కకి తెలియలేదు. లోపల గంట మోగింది. చెల్లెలు లేచి, అచ్చుని చీరముక్కలో చుట్టి, ముడివేసి అక్క ఒళ్ళో పెట్టింది. "తడవనివ్వకు, పగులుతుంది" అని లోపలికి వెళ్ళిపోయింది. వస్తాననలేదు. రాననీ అనలేదు.

ఆదివారం పొద్దున్నే గీతక్క షెడ్డు తలుపులు బార్లా తీసింది. మోకాళ్ళ మీద కూర్చుని బల్లకాలి కింద పేడు లాగింది. ఒక పట్టాన రాలేదు. వచ్చాక లేచి బల్లని రెండు చేతులతో ఊపి చూసింది. బల్ల కదల్లేదు. పేడుని పొయ్యిలో పడేసింది.

బట్ట పరిచి, నాలుగు అంచులూ బిగించింది. నల్లరంగు కలిపి, తట్టని ఇటువైపు, ఎడమచేతికి అందేలా పెట్టింది. పక్కనే గీత అచ్చు పెట్టింది. పసుపు తట్ట తీసుకుని బల్ల చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళి నిలబడింది. ఇన్నాళ్ళూ అక్కడికి వచ్చినప్పుడల్లా తల వంచుకుని పని చేసుకుపోయింది. ఇవాళ చెయ్యడానికి పని లేక తలెత్తి చూసింది. ఎదురుగా తన చోటు ఖాళీగా ఉంది. ఇక్కడ నిలబడిన మనిషికి, ఎదుటి మనిషి చెయ్యి ఎక్కడ జారుతోందో బాగా కనిపిస్తుంది. భుజం ఎప్పుడు నొక్కుకుంటుందో కూడా కనిపిస్తుంది.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. వీధిలో ఎవరెవరో నడిచి వెళ్ళారు. నల్లరంగు మీద పొర కడుతుంటే గీతక్క వెళ్ళి కలిపి, మళ్ళీ అటువైపు వచ్చింది. తెల్లటి బట్ట బల్ల పొడుగునా అలాగే ఉంది. గీత పడకుండా రంగు వెయ్యడానికి లేదు. ఆమె పసుపు అచ్చుని ఎడమచేతిలోకి మార్చుకుని నిలబడింది.